పొయ్యి రాజెయ్యకముందు

మొన్న మా సందులోకి చాలా కాలానికి కళాయివాడు వచ్చాడు. ఈ స్టీలు గిన్నెల రోజుల్లో వాడికింకా పని దొరుకుతున్నదా అని నాకు ఆశ్చర్యమేసింది. ఎదురింటివాళ్ళు అటక మీది రాగి బిందెలు, ఇత్తడి గుండిగలు అన్నీ దించి వాడి ముందు పెట్టారు. వాడు నేలలో గుంట తీసి, బొగ్గులు పోసి, తిత్తి ఊదుతూ గిన్నెను కాల్చాడు. నవసాగరం చల్లి, తగరం ముక్క రాసి, గుడ్డతో ఒక్క తిప్పు తిప్పాడు. తెల్లటి పొగ లేచింది. ఎర్రటి రాగి మీద వెండిలాంటి తెలుపు పరుచుకుంటుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను లోపలికొచ్చి తలుపు వేసుకున్నాను.

"పొగ పడ్తలేదా?" అని అడిగింది మా ఆవిడ.

"అవ్" అన్నాను. ఇంకేం చెప్పను? ఆ వాసన తగిలితే మా వదిన గుర్తుకొస్తుంది. ఆమె గుర్తుకొస్తే ఆ రోజంతా నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఆవిడకు ఆ సంగతి సగమే చెప్పాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

మా వదినది ఆముదం కొట్టం. నిజాం రోజుల్లో, ఇబ్రహీంపట్నంలో మంచాల బాట మొదలయ్యే చోట మా ఇల్లు, ఇంటి వెనక పెంకుల కొట్టం. మా చుట్టుపక్కల ఎర్ర ఇసుక చెల్క నేలల్లో ఆముదాలు తప్ప మరో పంట నమ్మకంగా పండేది కాదు. ఆ గింజల్ని వేయించి, రోళ్ళలో దంచి, ఆ ముద్దను పెద్ద రాగి గంగాళంలో నీళ్ళతో ఉడికిస్తే పైకి నూనె తేలుతుంది. ఆ తెట్టును గరిటెతో తీసి మళ్ళీ కాచి, చిటపటలు ఆగాక దించితే అదే వంటాముదం. బాలింతలకు, పసిపిల్లల ఉగ్గుకు, మాడుకు అదే. మంచాల నుంచి, బొంగులూరు నుంచి కూడా కూతుళ్ళ కాన్పు దగ్గరపడ్డ తల్లులు చిన్న కుండలు పట్టుకుని మా ఇంటికే నడిచి వచ్చేవాళ్ళు. కొట్టం పేరుకు మా అన్నది. నడిపింది వదిన. నేను కట్టెలు కొట్టేవాణ్ణి, బండి తోలేవాణ్ణి, ఆమె తిట్లు తినేవాణ్ణి.

నూనె చేసే మనిషని ఆమెను చూస్తే ఎవరూ అనుకోరు. జుట్టు ఎప్పుడూ పీచులా ఎండిపోయి ఉండేది. "నెత్తికి జర నూనె పెట్టుకో వదినె, చూసినోళ్ళు మన నూనె మంచిది గాదనుకుంటరు" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

"పొద్దుగూకులు గా నూనెలనే మునుగుతున్న. నెత్తికి గూడ ఎందుకు? దాన్నన్న గాలి పీల్చుకోనియ్యి" అనేది.

పొగకు అలవాటుపడి ఎడమ కన్ను ఎప్పుడూ సగం మూసుకునే ఉండేది. పీట వేస్తే కూర్చునేది కాదు, బోర్లించిన గంప మీద కూర్చునేది. గంగాళంతో మాట్లాడేది. "పొంగకే, పొంగకే, నీకేం తొందరొచ్చింది" అని బతిమాలేది, అది వినకపోతే దాని పుట్టుక దగ్గరినుంచి ఎత్తి తిట్టేది. కాకిని తిట్టేది, ఎండను తిట్టేది, మా అన్నను ఆయన వినపడేంత దూరంలో ఉన్నప్పుడే తిట్టేది. వెనక ఒక మాట, ముందు ఒక మాట ఆమెకు చేతకాదు. పనికొచ్చిన ఆడవాళ్ళను "నీ చేతులిరగ" అననిదే ఆమెకు పూట గడిచేది కాదు, వాళ్ళు ఆ తిట్లకు కిసకిస నవ్వుకుంటూనే దంచేవాళ్ళు. పిల్లల్లేరు. ఆ దిగులు ఎప్పుడూ నోటితో చెప్పలేదు గానీ, ఉగ్గుకు నూనె అడగడానికి వచ్చినవాళ్ళ చంకలో పసిబిడ్డ ఉంటే దాని అరికాలు గోకి చూసేది. అది కాలు లాక్కుంటే మురిసిపోయేది.

ఇంత నోరున్న మనిషి పొద్దున ఒక్క ఘడియ మాత్రం వేరే మనిషిలా ఉండేది.

తెల్లారగానే ఆడవాళ్ళంతా వచ్చి, చల్లారిన పొయ్యి చుట్టూ గొంతుక్కూర్చునేవాళ్ళు. ఏ వాడ నుంచి వచ్చినవాళ్ళైనా అక్కడ పక్కపక్కనే. ఊళ్ళో దానికి కొందరు మూతులు తిప్పేవాళ్ళు, ఆమె లెక్కచెయ్యలేదు. పొయ్యి రాయి మీద ఎడమ చెయ్యి ఆనించి ముందు తనది చెప్పేది. నిన్న తన చేతుల్లో ఏం చెడింది, ఏం మరిచింది, ఎక్కడ బద్ధకించింది.

"నిన్న నేను తెట్టు తీస్త తీస్త కునికిన. గరిటెడు నూనె బూడిదపాలాయె. నీళ్ళు పొంగినయని మీకు అబద్ధం చెప్పిన."

తర్వాత పక్కామె. అట్లా చుట్టూ తిరిగి వచ్చేది. ఒకామె గింజలు మాడ్చి ఉండేది, ఒకామె రోలు కడగకుండా పోయి ఉండేది. చెప్పేదంతా అయ్యాక వదిన రెండు అరచేతులూ ఒకదానికొకటి రాసి, అంటుకున్న పిండి దులిపినట్టు దులిపి, "సరే, అయిపాయె" అనేది. అందరూ చేతులు దులిపేవాళ్ళు. అప్పుడు పొయ్యి రాజేసేవాళ్ళు. పొయ్యి రాజెయ్యకముందు చెప్పిన తప్పుకు తిట్టు లేదు, కూలిలో కోత లేదు. మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు. ఎత్తితే వదిన ఊరుకునేది కాదు. ఒకసారి నేను నవ్వులాటకు ఎవరిదో మాడిన గింజల సంగతి మధ్యాహ్నం ఎత్తితే, నా అన్నం గిన్నె తీసుకుపోయి కుక్కకు పెట్టింది.

ఈ అలవాటు ఎక్కడిది అని అడిగితే ఒకే ఒక్కసారి చెప్పింది.

"కొత్తగ కాపురానికొచ్చినప్పుడు నూనె కుండ పలగ్గొట్టిన. మీ అమ్మ నోరు ఎరికే గద. తిడ్తదని పెంకులన్ని గడ్డిల దాసిన. బర్రె గడ్డితోని పెంకు గూడ మింగింది. మనింటి పాడి అంత దానిమీదనే ఉండె. చెప్తె నాలుగు తిట్లతోని పోతుండె. బర్రె పాయె."

మా అమ్మ నోరు నాకు తెలుసు. ఆ బర్రె కూడా తెలుసు. ఎందుకు చచ్చిందో మా ఇంట్లో అందాకా ఎవరికీ తెలియదు.

ఆమె పద్ధతి ఎంత దూరం పోయిందంటే, కొట్టంలో ఉన్న ఒక్కో వస్తువు ఎవరో ఒకరి తప్పు వల్ల అక్కడికి వచ్చిందే. పొగ కళ్ళలో పడి గింజలు మాడ్చానని ఒకామె చెప్తే, గోడకు కన్నం కొట్టించి పొయ్యిని అటు జరిపించింది. చీకట్లో ఉప్పుచేత్తో నూనె ముట్టానని ఒకామె చెప్తే, వాకిట్లో నీళ్ళ తొట్టి వచ్చింది. గంగాళం అడుగున కళాయి చెరిగిపోయిన సంగతి చూడకుండా పొయ్యి మీద పెట్టామని ఒకనాడు వదినే తనది చెప్పుకుంది. ఆనాటి నుంచి పొద్దున చేతులు దులిపాక ఒకామె వంతుగా గంగాళంలోకి తల దూర్చి చూసేది. తెల్లగా ఉంటే పొయ్యి మీదికి, ఎర్రగా కనబడితే కళాయివాడికి కబురు. కళాయి లేని రాగిలో నిలవుంటే నూనెకు చిలుము పట్టి విషమవుతుంది.

వాళ్ళందరిలోకి బాలమ్మ అంటే వదినకు ప్రాణం. తెట్టు తీయడం బాలమ్మ పని. తన తప్పులు చెప్పుకోవడంలో ఆమెకు సిగ్గూ శరమూ ఉండేది కాదు, ఇంకొకరి పెళ్ళి ముచ్చటలా చెప్పేది. ఒకనాడు పొద్దున, "అక్కా, నిన్న గిన్నెడు నూనె కొంగుల దాసి తీస్కపోయిన. మా అత్తకు మోకాళ్ళు వంగుతలేవు" అంది. దొంగతనమే కదా మరి. వదిన చేతులు దులిపి, "సరే, అయిపాయె" అంది. పొయ్యి రాజేశాక, "వంగినయా మరి, మోకాళ్ళు?" అని అడిగింది. మర్నాటి నుంచి గడప పక్కన ఒక కుండ ఉండేది, ఎవరింట్లో ఎవరికి నొప్పులున్నా అందులోంచి తీసుకుపోవచ్చు. తర్వాత ఆ కొట్టంలో దొంగతనం అనేది నేను వినలేదు. పనిలో చేరిన మనిషి మానేసిందని కూడా వినలేదు. ఊళ్ళో ఇంకా రెండు మూడు ఆముదం కొట్టాలు లేచాయి, పడ్డాయి. మాది కరువులో కూడా ఆగలేదు. మా అన్నకు ఇది తన చేతి చలువ అనిపించేది. ఆ మాట ఆయన పైకి అన్నప్పుడల్లా వదిన గంగాళం వైపు తిరిగి కన్నుగొట్టేది.

మా అన్న చెడ్డవాడేం కాదు. ఆ సంగతి ఒప్పుకోవడం నాకు కష్టంగానే ఉంది గానీ, నిజం. ఆయన్ను మార్చింది వెట్టి. సర్కారు పన్నులు చూసే గిర్దావరు ఊళ్ళోకొచ్చి మకాం వేస్తే గొల్లవాళ్ళు మేక, కుమ్మరివాళ్ళు కుండలు, మేము నూనె ఊరికే ఇచ్చుకోవాలి. ఆ రోజుల్లో అది ఎవరూ అడగని రివాజు. ఒక మకాంలో వాళ్ళ జవాన్లు వచ్చి ఉన్న కుండలన్నీ ఎత్తుతుంటే, ఒక బాలింత కోసం పెట్టిన కుండ ఒక్కటి వదిలెయ్యమన్నాడు మా అన్న. దానికి వాళ్ళు ఆయన తలకే కుండల గంప ఎత్తి, నడిబజారులోంచి మకాందాకా నడిపించారు. నూనె కారి మొహం మీదికి వస్తుంటే తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. ఊరంతా చూసింది. ఇంటికొచ్చి స్నానం చేసి, ఆ పూట అన్నం తినలేదు. అప్పటి నుంచి ఆయనకు ఎవరిదైనా పెద్ద చెయ్యి నెత్తిమీద ఉండాలన్న రంధి పట్టుకుంది.

ఆ చెయ్యి పట్నం నుంచి గుత్తేదారు రూపంలో వచ్చింది. యుద్ధం రోజులు. యంత్రాలకు ఆముదం కావాలట, ఎంత తెచ్చినా తీసుకుంటాడట. పైగా తాలూకా కచేరీలో అతని మాట చెల్లుతుందట. "నా సరుకు చేసే ఇంటి గడప ఎవ్వడు తొక్కడు" అన్నాడు. మా అన్నకు ఆ ఒక్క మాట చాలు.

మర్నాడు పొద్దున అన్న కొట్టంలోకి వచ్చాడు. ఆడవాళ్ళు పొయ్యి చుట్టూ కూర్చుని ఉన్నారు.

"పొద్దెక్కేదాంక ముచ్చట్లు పెట్టుకుంట కూసుంటె సరుకెప్పుడు తీరుతది?" అన్నాడు.

"ఇవి ముచ్చట్లు గావు" అంది వదిన.

"మల్లేంది, పంచాయితా? చెడగొట్టినోళ్ళకు కూలి జొన్నలల్ల కోస్త. రేపటిసంది ఎవ్వరు చెడగొట్టరు. గంతే."

"కోస్తె చెప్పరు."

"చెప్పకుంటె మానె. చెడగొట్టకుంటె సాలు." ఆయన గొంతు కొంచెం తగ్గింది. "నీ ముచ్చట్లతోని గిర్దావరు ఆగుతడా? ఆనాడు నెత్తిమీద గంప నీకెక్కియ్యలే గద."

మొగుడి మొహం మీద కారిన నూనె వదిన కూడా చూసింది. చెయ్యి మాత్రం రాయి మీదినుంచి తియ్యలేదు. అన్న వంగి కట్టెల కిందికి నిప్పు తోశాడు. రాయి వేడెక్కేదాకా ఆమె చెయ్యి అక్కడే ఉంచింది. తర్వాత తీసి, కొంగులో చుట్టుకుని, లేచి గరిటె అందుకుంది. మర్నాటి నుంచి ఎవరూ పొయ్యి చుట్టూ కూర్చోలేదు.

కొత్త ఆడవాళ్ళు చేరారు. పొయ్యి చీకట్లోనే రాజుకుని, మళ్ళీ చీకటిపడేదాకా మండేది. గింజలు మాడితే, నూనె ఒలికితే, అన్న ఆ పూట జొన్నల కొలత తగ్గించేవాడు. మంచి మాటే చెప్పాలి, ఆయన అరిచేవాడు కాదు, కొట్టేవాడు కాదు. కొలత తగ్గించి ఊరుకునేవాడు. కొట్టంలో మాట అణిగిపోయింది. రోకళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. వదిన తిట్లు కూడా ఆగిపోయాయి. తిడితే నవ్వేవాళ్ళు లేరు మరి.

కొన్నాళ్ళకు అన్న సంతోషంగా అన్నాడు: "చూసినవా, ఇప్పుడు ఎవ్వరు తప్పు చేస్తలేరు."

"నీకెట్ల ఎరిక?" అంది వదిన.

ఆయన నవ్వి వెళ్ళిపోయాడు. ఆమె నాతో, "తమ్మీ, నాకు భయమైతుంది" అంది. ఎందుకని అడిగితే చెప్పలేకపోయింది. నేను కూడా పెద్దగా పట్టించుకోలేదు. బండి నిండా సరుకు పోతుంటే భయపడాల్సిందేముంది అనుకున్నాను.

ఇదివరకు నూనెను ఏ పూటకాపూట మట్టి కుండల్లోకి వంపేసేవాళ్ళు. ఇప్పుడు పని చీకటిదాకా సాగుతోంది కాబట్టి గంగాళంలోనే తేరుకోనిచ్చి, తెల్లారి వంపుతున్నారు. యుద్ధం వల్ల తగరం దొరకడం లేదని కళాయివాడు రావడం మానేశాడు. పొద్దున గంగాళంలోకి తల దూర్చి చూసే వంతు ఎవరిదీ కాదు. ఇదంతా మా కళ్ళముందే జరుగుతున్నది, ఒక్కొక్కటిగా చూస్తే ఏదీ పెద్దదిగా కనబడలేదు.

మంచాల నుంచి ఒక రైతు వచ్చాడు. ఆ ఇంటి ఆడవాళ్ళు మా దగ్గర ఎన్నో కాన్పులకు నూనె తీసుకుపోయినవాళ్ళే. గుమ్మంలో కుండ దించి, లోపలికి రాకుండా నిలబడ్డాడు. తలకు రుమాలు లేదు.

"లడాయికి రాలే" అన్నాడు. "మా పోరడు పోయిండు. ఉగ్గుల రెండు సుక్కలేసింది మా ఆడది. అప్పటిసంది కక్కుడే కక్కుడు. మాకిగ ఈ నూనెతోని పనిలేదు. ఇంకెవ్వరికన్న పోస్తరేమో, జర జూస్కోండ్రి."

మంచినీళ్ళిస్తే తీసుకోలేదు. వచ్చిన బాటనే వెళ్ళిపోయాడు. అతను తిట్టి ఉంటే, మా కొట్టానికి అగ్గిపెట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

"పసిపోరగాండ్లు సచ్చుడు కొత్తనా?" అన్నాడు అన్న. "నూనెతోనే అని ఎవడన్నడు?"

వదిన తన చీర అంచులోంచి తెల్లటి పీలిక ఒకటి చించి ఆ కుండలో ముంచింది. ఎండలో పట్టుకుని చూసింది. పీలిక మీద పచ్చటి చాయ. రాగి చిలుము. అట్లాగే కొట్టంలోకి వెళ్ళి, నూనె వంపేసి ఉన్న గంగాళంలోకి తల దూర్చింది. నేనూ చూశాను. అడుగంతా కళాయి పోయి ఎర్రగా ఉంది. ఆ ఎరుపు అద్దంలా మెరుస్తోంది. ఎవరో చిలుమును చూసి, బూడిదతో బాగా పట్టి తోమి, ఏమీ తెలియనట్టు మళ్ళీ పొయ్యి మీద పెట్టారు.

వదిన పొయ్యిలో నీళ్ళు పోసింది. అది చల్లారేదాకా ఉండి, రాయి మీద చెయ్యి పెట్టి కూర్చుంది. ఆడవాళ్ళందరినీ పిలిచింది.

"పొయ్యి సల్లగున్నది. చెయ్యి రాయి మీదనే ఉన్నది. నాది ముందు చెప్తున్న. సూడాల్సింది నేను. సూడలే. ఇగ మీరు చెప్పుండ్రి. గంగాళం తోమినోళ్ళెవరు?"

ఎవరూ నోరు విప్పలేదు. గుమ్మంలో అన్న నిలబడి ఉన్నాడు. "నువ్వు బయటికి పో" అంది. ఆయన పోయాడు. ఆమె ఒక్కొక్కరి మొహం చూసింది. పాతవాళ్ళు, కొత్తవాళ్ళు, అందరూ నేల చూపులు. బాలమ్మ తన గోళ్ళలోని మసి గీక్కుంటోంది.

ఆ రోజు ఉన్న నూనె అంతా ఇంటి వెనక గుంతలో పోయించింది వదిన. అన్న ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె అరవలేదు, చెయ్యి గుంజుకోలేదు, ఆయన మొహంలోకి చూసింది. ఆయన వదిలేశాడు. గుత్తేదారు బండి ఖాళీగా వెనక్కి పోయింది, మళ్ళీ రాలేదు. అతనికి ఇంకో ఊరు, ఇంకో కొట్టం దొరికే ఉంటాయి. తర్వాతి మకాంలో గిర్దావరు జవాన్లు మామూలుగానే మా గడప తొక్కారు. నూనె లేకపోతే కుండలు పట్టుకుపోయారు.

ఆ పొయ్యి మళ్ళీ వెలగలేదు. అన్న వ్యవసాయంలో పడ్డాడు. ఆడవాళ్ళు చేన్లకు కూలికి పోయారు. వదిన మాత్రం తెల్లవారగానే కొట్టంలోకి వెళ్ళేది. బోర్లించిన గంప పక్కకు నెట్టి, నేల మీద గొంతుక్కూర్చుని, రాయి మీద చెయ్యి పెట్టి, "సూడాల్సింది నేను. సూడలే" అనేది. కాసేపు గుమ్మం వైపు చూసేది. ఎవరూ రారు. లేచి ఇంటి పనికి వచ్చేది. ఎండైనా వానైనా ఇదే. ఊళ్ళో ఆమెకు పిచ్చి లేచిందన్నారు. ఆ మాట అన్నవాళ్ళలో ఆమె చేతి నూనెతో పెరిగినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ నోళ్ళు నేను మూయించలేకపోయాను, ఆ కోపం నాకింకా పోలేదు.

ఇంటింటికీ కూడా తిరిగింది. "తిట్టెతందుకు రాలే. చెప్పుమని వొచ్చిన" అనేది. తలుపుల దగ్గరే జవాబు చెప్పి పంపించేవాళ్ళు. బాలమ్మ ఇంటికి పోయినప్పుడు నేను తోడున్నాను. బాలమ్మ చేటలో జొన్నలు చెరుగుతోంది. తలెత్తకుండా, "నాకేం ఎరిక లేదక్కా" అంది. చేటలోంచి సగం గింజలు పొట్టుతో పాటు నేల మీద పడ్డాయి. వదిన కూర్చుని ఆ గింజలన్నీ ఏరి చేటలో వేసి వచ్చింది. తర్వాత బాలమ్మ మా ఇంటి బాట మానేసి, చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టింది.

ఒకనాడు నేను తట్టుకోలేక కొట్టంలోకి పోయి ఆమె ముందు కూర్చున్నాను.

"వదినె, ఎవరన్న చెప్పిండ్రే అనుకో. ఏం జేస్తవ్?"

"ఏం జేస్త? చేతులు దులుపుత. అయిపాయె అంట."

"పోయిన పిల్లగాడు వస్తడా?"

"రాడు." ఆమె రాయి మీది చెయ్యి చూసుకుంది. "ఇద్దరం చెప్పుకుంటె ఇద్దరం మోస్తుంటిమి. ఒక్కదాన్ని మొయ్యలేకపోతున్న తమ్మీ. గా చెప్పనామె గూడ ఒక్కతే మోస్తుండొచ్చు."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. నా వీపు మీద ఒకటి చరిచి, "లే, పొద్దెక్కింది" అంది.

నిజాం రాజ్యం ఆఖరి యేడు వానల్లో ఆమెకు జ్వరం పట్టుకుంది. ఊళ్ళలో గడబిడ రోజులు, ఎప్పుడు ఎవరు మీదపడతారో తెలియదు. పట్నం దవాఖానకు తీసుకుపోదామంటే, బాటలు మంచిగ లేవని అందరూ వద్దన్నారు. ఆ పొద్దున కొట్టంలోకి తీసుకుపొమ్మంది. ఎత్తుకుపోయాను. బరువే లేదు. పొయ్యి దగ్గర గోడకు ఆనించి కూర్చోబెట్టి, చెయ్యి నేనే రాయి మీద పెట్టాను. పెదాలు కదిలాయి, మాట బయటికి రాలేదు. ఏమందో నాకు తెలుసు. గుమ్మం వైపు చూసింది. ఆ చూపు అట్లాగే ఉండిపోయింది.

ఇంటి ముందు పడుకోబెట్టారు. రివాజు ప్రకారం కాళ్ళ బొటనవేళ్ళు, చేతుల బొటనవేళ్ళు కలిపి దారంతో కట్టారు. పాత ఆడవాళ్ళు వచ్చి గోడ పక్కన నిలబడ్డారు. ఎవరో, మొదటిసారి, ఆమె ఎండిన జుట్టుకు నూనె రాశారు. కాటికి తీసుకుపోయే నిప్పు కోసం వాకిట్లో గడ్డి, పిడకలు పేర్చి, అన్న నిప్పు తెచ్చాడు.

అప్పుడు బాలమ్మ జనంలోంచి తోసుకుంటూ వచ్చి అన్న మణికట్టు పట్టుకుంది.

"ఆగయ్యా. అగ్గి పెట్టకు. ఇంక రాజెయ్యలే గద? నేను చెప్పాలె."

అన్న చెయ్యి గాలిలో ఆగిపోయింది. బాలమ్మ వదిన పక్కన గొంతుక్కూర్చుంది. మా అందరి ముందు, ఆమెకు మాత్రమే చెప్పింది.

"అక్కా, గానాడు తెల్లారి నూనె వంపినంక గంగాళం అడుగు పచ్చగుండె. నేనే జూసిన. నూనె ఇంక మన వాకిట్లనే ఉండె. చెప్తె ఆగుతుండె. రెండుపూటల సంది జొన్నలు కోసిండు, ఇంట్ల పోరగాండ్లు పస్తున్నరు, ఇంకోపూట కోస్తడని బూడిదేసి తోమిన. ఆ పిల్లగాడు పోయిండని తెలిసినంక నాకు నోరు రాలే. నువ్వు మా వాకిట్ల గింజలేరుతుంటె గూడ నాకు నోరు రాలే. నేనే అక్కా. నేనే."

బాలమ్మ ఎదురుచూస్తోంది. ఆమె కళ్ళు వదిన చేతుల మీదే ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి, బొటనవేళ్ళు దారంతో కట్టేసి ఉన్నాయి. గోడ పక్కన పాత ఆడవాళ్ళు అట్లాగే నిలబడ్డారు, ఒక్కరూ చేతులు దులపలేదు. చాలాసేపు చూసి, అన్న వంగి గడ్డికి నిప్పు పెట్టాడు.